పాత రేడియో కొనేముందు

తాతల కాలపు వస్తువులకు ఇప్పుడు కొత్త గిరాకీ వచ్చింది. అటకమీద దుమ్ముకొట్టుకుని పడివున్న వాల్వు రేడియోలు, తోలు సంచీ తొడిగిన ట్రాన్సిస్టర్లు, టేపురికార్డర్లు ఇంటర్నెట్టు అంగళ్ళలో అమ్మకానికి వస్తున్నాయి. ఫోనులో నాలుగు ఫొటోలు, వాటికింద రెండు ముక్కలు: “చాలా పాత రేడియో. పనిచేస్తోంది.” మీలో కొందరు సైన్సు ప్రదర్శన కోసమో, సరదాకో అటువంటిదొకటి కొనిపెట్టమని ఇంట్లో అడిగే వుంటారు.

వస్తువు మన చేతిలో లేదు. అమ్మే మనిషి ఎవరో తెలియదు. మరి అది మంచిదో కాదో తెలిసేదెలా? మీరు తరగతిలో నేర్చుకునే భౌతిక, రసాయన శాస్త్రాలే దీనికి చాలావరకు సరిపోతాయి. ఏ ఫొటో అడగాలో, ఏ ప్రశ్న వెయ్యాలో అవి చెబుతాయి. డబ్బును కాపాడతాయి. ఒక్కొక్కప్పుడు ప్రాణాన్ని కూడా కాపాడతాయి.

ఏది ముసలిదవుతుంది?

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ఆ రోజుల్లో ఇళ్ళలో వున్నవన్నీ వాల్వు రేడియోలే. ట్రాన్సిస్టరును అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొన్నది 1947 చివర. దానితో చేసిన రేడియో అక్కడి బజారులోకి వచ్చింది 1954లో. కాబట్టి ఈనాడు మీకు అమ్మకానికి కనిపించే వాల్వు రేడియో వయస్సు అరవై, డెబ్బై ఏళ్ళు వుండటం మామూలే.

ఇన్నేళ్ళలో దానిలో అన్ని భాగాలూ ఒకే విధంగా ముసలివి కావు. రాగి తీగ, గాజు, ఇనుప చట్రం చాలాకాలం నిలుస్తాయి. తడి వున్నవి, కాగితంతో చేసినవి, రబ్బరుతో చేసినవి ముందుగా చెడిపోతాయి. రబ్బరు తొడుగు ఎండి పెళుసెక్కి రాలిపోతుంది. లోపలి తీగ బయటపడుతుంది. టేపురికార్డరులో రబ్బరు బెల్టు సాగిపోయి, పాట నెమ్మదిగా, బొంగురుగా వస్తుంది. పెట్టెకు కొత్తగా పాలిష్ పెట్టి ఫొటో తీస్తే ఇవేవీ కనబడవు. పైన పటారం, లోన లొటారం అన్నమాట. అందుకే మొదటి నియమం: ముందువైపు ఫొటోను చూసి మురిసిపోకండి, వెనుక మూత తీసిన ఫొటో అడగండి.

కెపాసిటర్ సంగతి

తడివున్న భాగాలలో ముఖ్యమైనది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. పాత మెకానిక్కులు దీనిని కండెన్సర్ అంటారు. కెపాసిటర్‌లో రెండు లోహపు రేకుల నడుమ ఒక విద్యుద్బంధకం వుంటుందని మీకు తెలుసు. ఇందులో ఆ బంధకం అల్యూమినియం రేకుమీద ఏర్పడిన అల్యూమినియం ఆక్సైడు పొర. ఆ పొర ఎంత పలచనో తెలుసా? వోల్టుకు సుమారు 1.4 నానోమీటర్లు. అంటే 350 వోల్టులకు తట్టుకునే పొర మందం మిల్లీమీటరులో రెండువేలవ వంతు మాత్రమే! రెండో రేకుకూ ఈ పొరకూ నడుమ విద్యుద్విశ్లేష్యంలో తడిపిన కాగితం వుంటుంది.

రేడియో వాడుకలో వున్నంతకాలం దానిమీద పడే వోల్టేజి ఈ పొరను ఎప్పటికప్పుడు బాగుచేస్తూ వుంటుంది. ఏళ్ళ తరబడి మూలపడేస్తే పొర అక్కడక్కడ బలహీనమవుతుంది. కాగితంలోని తడి కూడా ఎండుతుంది. తడి ఎండితే కెపాసిటీ తగ్గి, సవరింపు పూర్తిగా జరగదు. పాటతోబాటు “గుయ్”మనే మోత వినిపిస్తుంది. మన కరెంటు పౌనఃపున్యం సెకనుకు 50 కనుక ఆ మోత పౌనఃపున్యం 50 గాని 100 గాని వుంటుంది. అర్ధతరంగ ఏకధిక్కరణి అయితే 50, పూర్ణతరంగ ఏకధిక్కరణి అయితే 100.

పొర బలహీనమైతే ఇంతకంటే పెద్ద ప్రమాదం. దానిగుండా కరెంటు కారడం మొదలవుతుంది. కారిన కరెంటు వేడిని పుట్టిస్తుంది. వేడికి కరెంటు ఇంకా ఎక్కువ కారుతుంది. చివరకు కెపాసిటర్ పేలవచ్చు. ఏకధిక్కరణి వాల్వు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. మంచిగా వున్న రేడియో, “ఒకసారి పెట్టి చూద్దాం” అన్న ఆ ఒక్క క్షణంలో పాడైపోవచ్చు.

కాబట్టి “ఇప్పుడే ప్లగ్గు పెట్టి చూశాం, అయిదు నిముషాలు పాడింది” అని అమ్మేవారు చెబితే సంతోషించకండి. అడగవలసినది వేరే: “కెపాసిటర్లు మార్చారా? ఎప్పుడు మార్చారు? అంతకుముందు ఎన్నాళ్ళు వాడకుండా వుంచారు?” వీటికి జవాబు రాకపోతే, కెపాసిటర్లు మార్పించే ఖర్చును మీరే ధరలో కలిపి లెక్కవేసుకోవాలి.

తెలిసిన మెకానిక్కు పాత రేడియోను నేరుగా కరెంటుకు కలపడు. ఒక 60 వాట్ల ఫిలమెంటు బల్బును దానితో శ్రేణిలో కలుపుతాడు. రేడియోలో ఎక్కడైనా షార్టు వుంటే బల్బు పూర్తిగా వెలిగిపోతుంది; కరెంటు 60/230, అంటే సుమారు 0.26 ఆంపియర్లను మించదు. బల్బు ఒక్క క్షణం వెలిగి మందగిస్తే పెద్ద షార్టు లేదని అర్థం. ఎంత చవకైన రక్షణో చూడండి!

వాల్వు తల చూడండి

వాల్వు లోపల శూన్యం వుండాలి. వేడెక్కిన కాథోడునుంచి బయలుదేరే ఎలక్ట్రానులకు దారిలో గాలి అణువులు అడ్డు రాకూడదు. తయారుచేసేటప్పుడు గాలిని తోడేశాక కూడా మిగిలే కాస్త వాయువును పీల్చుకోవడానికి లోపల బేరియం లోహాన్ని ఆవిరిచేస్తారు. అది గాజు లోపలివైపు పూతగా అతుక్కుని అద్దంలా మెరుస్తుంది.

ఈ మెరుపే మనకు సాక్షి. గాజు ఎక్కడైనా చిట్లి గాలి లోపలికి వెడితే, బేరియం ఆ గాలితో చర్య జరిపి పాలలా తెల్లబడుతుంది. తెల్లబడిన వాల్వు ఇక పనికిరాదు. వెండిలాగానో, నల్లని అద్దంలాగానో మెరుస్తుంటే శూన్యం చెడలేదన్నమాట. అంతమాత్రాన వాల్వు కొత్తదని కాదు. వాడగా వాడగా కాథోడుమీది పూత ఎలక్ట్రానులను విడుదలచేసే శక్తి తగ్గిపోతుంది. అది ఫొటోలో కనిపించదు. కాని చచ్చిన వాల్వును పట్టుకోవడానికి ఒక మంచి ఫొటో చాలు.

పేరులో మొదటి అక్షరం

వాల్వుమీద దాని పేరు అచ్చువేసి వుంటుంది. యూరపు పద్ధతి పేర్లలో మొదటి అక్షరం హీటరు సంగతి చెబుతుంది. ‘ఇ.సి.హెచ్.81’లో ‘ఇ’ అంటే హీటరుకు 6.3 వోల్టులు కావాలని. ఇవి సాధారణంగా ట్రాన్స్‌ఫార్మరు వున్న రేడియోలలో వుంటాయి. ‘యు.సి.హెచ్.81’లో ‘యు’ అంటే హీటర్లన్నీ శ్రేణిలో కలిపివున్నాయని, అన్నింటిగుండా 0.1 ఆంపియరు కరెంటు పోతుందని అర్థం. యు.సి.హెచ్.81, యు.ఎఫ్.89, యు.ఎ.బి.సి.80, యు.ఎల్.84, యు.వై.85 అనే అయిదు వాల్వుల హీటర్లకు కలిపి సుమారు 143 వోల్టులు సరిపోతాయి. 230 వోల్టులలో మిగిలిన 87 వోల్టులు ఒక నిరోధంలో ఖర్చు కావాలి. 87 × 0.1 = 8.7 వాట్లు వేడిగా పోతుంది.

ఇటువంటి రేడియోలు ఎ.సి.తోను, డి.సి.తోను పనిచేస్తాయి. పూర్వం మన దేశంలో కూడా కొన్ని నగరాలలో డి.సి. సరఫరా వుండేది. డి.సి.కి ట్రాన్స్‌ఫార్మరు పనిచెయ్యదు కనుక దానిని తీసేసి ఈ ఏర్పాటు చేశారు. ధర కూడా తగ్గింది. కాని అందులో ఒక ప్రమాదం వుంది. ఈ రేడియోలలో లోపలి ఇనుప చట్రం కరెంటు తీగలలో ఒకదానికి కలిపి వుంటుంది. రెండు కాళ్ళ ప్లగ్గును తిరగేసి పెడితే ఆ తీగ ఫేజు కావచ్చు. అప్పుడు చట్రమంతా 230 వోల్టులలో వుంటుంది!

చెక్క పెట్టె, బేకలైటు మరలు మన చేతిని దానికి తగలకుండా కాపాడతాయి. అందుకే ఊడిపోయిన మర, విరిగిన వెనుక అట్ట అందానికి సంబంధించిన లోపాలు కావు. మర ఊడినచోట బయటపడిన ఇనుప కడ్డీ చట్రానికి అతికివుంటుంది. దాన్ని ముట్టుకుంటే ఫేజు తీగను ముట్టుకున్నట్టే. “చిన్న మర ఒకటి లేదు, అంతే” అని రాసివుంటే, ఆ “అంతే” దగ్గర ఆగండి. వాల్వుల పేర్లు కనబడే ఫొటో తెప్పించుకోండి.

వెనుక చీటీ

విదేశం నుంచి వచ్చిన రేడియో అయితే వెనుక చీటీమీద ఎన్ని వోల్టులని వుందో చదవాలి. అమెరికాలో 115 నుంచి 120 వోల్టులు, జపానులో 100 వోల్టులు వాడుక. 115 వోల్టుల సాధనాన్ని 230 వోల్టులకు తగిలిస్తే ఏమవుతుంది? సామర్థ్యం వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో వుంటుంది. నిరోధం మారదనుకుంటే వోల్టేజి రెట్టింపు, వేడి నాలుగు రెట్లు! వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు ఖర్చునుకూడా ధరలో కలుపుకోండి.

ఎర్ర పాదరసం అనే కట్టుకథ

పాత రేడియోలలోను, టి.వి.లలోను ‘రెడ్ మెర్క్యురీ’ అనే ఎర్ర పాదరసం వుంటుందని, దాని ఖరీదు లక్షలని ఒక ప్రచారం వుంది. సౌదీ అరేబియాలో 2009లో ఇదే పుకారు పాత సింగర్ కుట్టుమిషన్లమీద పుట్టి, వాటి ధరలు ఆకాశానికి ఎగిరాయి. కుట్టుమిషనుకు పాదరసంతో పనేమిటని చాలామంది ఆలోచించలేదు.

పాదరసం వెండిరంగు ద్రవం. ఎర్రగా వుండే పాదరస సమ్మేళనాలు వున్నమాట నిజమే, ఇంగిలీకం అటువంటిదే. అవి మామూలు రసాయనాలు. పుకార్లలో చెప్పే మహత్తులున్న ఎర్ర పాదరసం ఎక్కడా లేదు. ఇంటి రేడియో వాల్వులో మెరిసేది, మనం పైన చెప్పుకున్న బేరియం పూత. దాన్ని చూపించి లక్షలు అడిగేవారినుంచి దూరంగా వుండండి.

కొన్నాక ఏం వినిపిస్తుంది?

పాత రేడియో మీటరుమీద మీడియం వేవ్, షార్ట్ వేవ్ అంకెలు మీటర్లలో వుంటాయి. హైదరాబాద్ ‘ఎ’ కేంద్రానికి కేటాయించిన పౌనఃపున్యం 738 కిలోహెర్ట్‌జ్. 3,00,000ను 738తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 406.5 మీటర్లు వస్తుంది. ముల్లును అక్కడికి తిప్పాలి. మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం 1977లో మద్రాసులో మొదలైంది; అంతకుముందు ఇక్కడ అమ్ముడైన రేడియోలలో సాధారణంగా ఎఫ్.ఎం. వుండదు. మీ ఊరిలో మీడియం వేవ్ అందుతున్నదో లేదో, ఒక చిన్న బ్యాటరీ రేడియో అరువు తెచ్చి ముందే చూసుకోండి. ఎల్.ఇ.డి. బల్బులు, ఫోను చార్జర్ల దగ్గర వుంచితే చిటపట ఎక్కువవుతుంది. అది రేడియో తప్పు కాదు.

మొదటిసారి కొనేవారికి బ్యాటరీ ట్రాన్సిస్టరే మంచిది. 3 నుంచి 9 వోల్టులతో పనిచేస్తుంది కనుక షాకు భయం లేదు. దానికి అడగవలసిన ఫొటో బ్యాటరీ గది ఫొటో. పాత సెల్లులు కారితే అక్కడ తెల్లని, పచ్చని లవణాలు పేరుకుని స్ప్రింగులు తినేసి వుంటాయి.

అమ్మేవారిని అడగండి

1. వెనుక మూత తీసిన ఫొటో, వాల్వుల పేర్లు కనబడే ఫొటో పంపుతారా?
2. వెనుక చీటీమీద ఎన్ని వోల్టులని వుంది?
3. కెపాసిటర్లు, కరెంటు తీగ ఎప్పుడు మార్చారు?
4. మరలు, వెనుక అట్ట అన్నీ వున్నాయా?
5. వాల్వులను తీసి విడిగా కాగితంలో చుట్టి పంపుతారా?

బేరం పెద్దలచేతనే చేయించండి. వస్తువు చూడకుండా పూర్తి సొమ్ము ముందే పంపించవద్దు. “డబ్బు వాపసు ఇస్తాం, మీ యు.పి.ఐ. పిన్ నొక్కండి” అంటే అది మోసం. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు, ఇవ్వడానికే కావాలి.

రేడియో ఇంటికి వచ్చాక వెనుక మూత మీరు విప్పకండి. ప్లగ్గు తీసేసినా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి వుండవచ్చు. 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 250 వోల్టుల దగ్గర దాచుకునే శక్తి సుమారు 1.56 జౌళ్ళు. గట్టి దెబ్బ కొట్టడానికి అది చాలు. తెలిసిన మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్ళి, పక్కన కూర్చుని ప్రతి భాగం పేరూ అడగండి. ఇటువంటి పని తెలిసినవారు ఇప్పుడు తగ్గిపోతున్నారు. ఆయన నోట వినే పాఠం, రేడియోలో వచ్చే పాటకంటే తక్కువది కాదు.

లెక్క వేసి చూడండి

1. ఒక సాధనం 117 వోల్టుల వద్ద 30 వాట్లు తీసుకుంటుంది. దాని నిరోధం మారదనుకుంటే 234 వోల్టుల వద్ద ఎన్ని వాట్లు తీసుకుంటుంది?
2. విజయవాడ కేంద్రానికి కేటాయించిన పౌనఃపున్యం 837 కిలోహెర్ట్‌జ్. తరంగదైర్ఘ్యం ఎంత?
3. ఒక ఫొటోలో నాలుగు వాల్వుల తలలు వెండిలా, ఒకదానిది తెల్లగా వున్నాయి. మీరు ఏమి గ్రహిస్తారు?

జవాబులు: 1. 120 వాట్లు. 2. సుమారు 358 మీటర్లు. 3. తెల్లబడిన వాల్వులోకి గాలి చేరింది, దాన్ని మార్చాలి.