సముద్రమే బాటగా

చంద్రపూర్ పట్టణం సముద్రానికి చాలా దూరంలో ఉంది. ఇక్కడి పిల్లల్లో ఓడను చూసినవారు తక్కువ. అయినా చంద్రపూర్‌కు సముద్రంతో సంబంధం ఉంది. పట్టణం పక్కన పారే ఇరై నది వర్ధలో కలుస్తుంది. వర్ధ, వైనగంగ నదులు కలిసి ప్రాణహితగా మారుతాయి. ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి బంగాళాఖాతాన్ని చేరుతుంది. ఆ బంగాళాఖాతం ఒడ్డునే విశాఖపట్నం ఉంది. భారత నౌకాదళపు తూర్పు విభాగానికి అది ముఖ్య కేంద్రం. లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి ఆ ఊరి ఆడపడుచు.

నౌకాదళంలో చాలాకాలం వైద్యశాఖలో తప్ప మహిళా అధికారులు లేరు. 1992లో మరికొన్ని శాఖల్లో వారికి ప్రవేశం దొరికింది. అయితే అది కొన్నేళ్ల ఉద్యోగం మాత్రమే. గడువు తీరగానే ఎంత సమర్థులైనా ఇంటికి వెళ్లవలసిందే. పైగా యుద్ధనౌకల మీద వారిని సాధారణంగా నియమించేవారు కాదు. సముద్రం మీది కష్టాలను స్త్రీలు తట్టుకోగలరా అని చాలామంది సందేహించేవారు.

స్వాతి నౌకాదళంలో విమానాల రాకపోకలను నియంత్రించే శాఖలో అధికారి అయ్యారు. విమానాలు క్షేమంగా లేచేటట్లు, దిగేటట్లు చూడడం ఆ శాఖ పని. తెరచాప పడవ నడపడం ఆమెకు ఇష్టం. అందుకే మహిళలతో ప్రపంచాన్ని చుట్టి రావాలని నౌకాదళం తలపెట్టినప్పుడు ఆమె అందులో చేరారు. జట్టులో మొత్తం ఆరుగురు. నాయకురాలు లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి. ప్రతిభా జమ్వాల్, పాయల్ గుప్తా, విజయాదేవి, బొడ్డపాటి ఐశ్వర్య మిగిలినవారు. ఐశ్వర్యది హైదరాబాదు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన మొదటి భారతీయుడు దిలీప్ దోందే వారికి శిక్షణ ఇచ్చారు.

వారి పడవ పేరు తారిణి. గోవాలో తయారైంది. పొడవు సుమారు 17 మీటర్లు మాత్రమే. గాలే దానికి బలం. ఈ యాత్రకు కఠినమైన నియమాలు ఉన్నాయి. బయలుదేరిన రేవుకే తిరిగి రావాలి. భూమధ్యరేఖను కనీసం రెండుసార్లు దాటాలి. కాలువల గుండా అడ్డదారిలో పోరాదు. కనీసం 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించాలి. ఈ సంఖ్య ఎలా వచ్చింది? భూగోళం చుట్టూ 360 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి 60 భాగాలు. ఒక్కొక్క భాగం ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. లెక్క కడితే మొత్తం సుమారు 40,000 కిలోమీటర్లు అవుతుంది.

2017 సెప్టెంబరు 10న తారిణి గోవా నుంచి బయలుదేరింది. ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటిల్‌టన్, ఫాక్లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ రేవుల్లో ఆగింది. రాత్రీ పగలూ వంతులవారీగా ఒకరు చుక్కాని పట్టాలి, మరొకరు తెరచాపలు చూసుకోవాలి. వంట, మరమ్మతు, కాపలా అన్నీ ఆ ఆరుగురివే. దారిలో వాతావరణ వివరాలు నమోదు చేసి పంపడం కూడా వారి బాధ్యతే.

దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీలు దాటితే గాలులను అడ్డుకొనే భూమి చాలా తక్కువ. అందుకే అక్కడ గాలి హోరెత్తుతుంది, అలలు కొండల్లా లేస్తాయి. పసిఫిక్ సముద్రంలో తారిణిని పెద్ద తుఫాను చుట్టుముట్టింది. చలి, చీకటి, పడవను ఒరగదోసే గాలి. తీరం చాలా దూరం. ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకమే వారికి అండ. 2018 జనవరిలో వారు దక్షిణ అమెరికా చివరనున్న కేప్ హార్న్‌ను దాటారు. ఎన్నో ఓడలను మింగిన చోటు అది.

కష్టం అంతటితో తీరలేదు. కేప్‌టౌన్ దాటిన తరువాత హిందూ మహాసముద్రంలో చుక్కాని యంత్రం చెడిపోయింది. చుక్కాని లేని పడవ కళ్లెం లేని గుర్రం వంటిది. వారు బెదరక పడవను మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవుకు చేర్చారు. మరమ్మతు చేయించుకొని మళ్లీ సాగారు. 2018 మే 21న గోవా చేరారు. 254 రోజుల యాత్ర అది. అందులో 199 రోజులు నీటి మీదే గడిచాయి. భారతీయ మహిళలు మాత్రమే నడిపిన పడవ ప్రపంచాన్ని చుట్టి రావడం అదే మొదటిసారి. ప్రభుత్వం వారిని నారీశక్తి పురస్కారంతో గౌరవించింది.

తారిణి సముద్రం మీద పోరాడినట్లే కొందరు మహిళా అధికారులు న్యాయస్థానంలో పోరాడారు. వారిలో లెఫ్టినెంట్ కమాండర్ ఆనీ నాగరాజ ఒకరు. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. పురుషులతోపాటు స్త్రీలకు కూడా నౌకాదళంలో శాశ్వత ఉద్యోగానికి అవకాశం ఇవ్వాలని ఆదేశించింది. స్త్రీల శరీరం, కుటుంబ బాధ్యతలు సాకుగా చూపి హక్కును కాదనరాదని స్పష్టం చేసింది.

తారిణి ప్రయాణం కూడా ఆగలేదు. దిల్నా, రూప అనే మరో ఇద్దరు అధికారులు 2024 అక్టోబరులో అదే పడవపై బయలుదేరి, 2025 మేలో ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. ముందు నడిచినవారు వేసిన బాట వెనుక వచ్చేవారికి దారి అవుతుంది.

అర్థాలు
చుక్కాని – పడవను కావలసిన వైపు తిప్పే సాధనం
తెరచాప – గాలి పట్టి పడవను నడిపే గుడ్డ
అండ – ఆసరా

ప్రశ్నలు
1. ఇరై నది నీరు బంగాళాఖాతాన్ని ఏ నదుల ద్వారా చేరుతుంది?
2. దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీలు దాటాక గాలులు ఎందుకు హోరెత్తుతాయి?
3. 'చుక్కాని లేని పడవ కళ్లెం లేని గుర్రం వంటిది.' ఈ పోలికను వివరించండి.
4. తారిణి యాత్రకూ, 2020 నాటి తీర్పుకూ గల పోలిక ఏమిటి? మీ మాటల్లో రాయండి.
5. ప్రపంచ పటంలో తారిణి ఆగిన రేవులను గుర్తించండి.