పాలెట్ దగ్గర నిలబడి చూడు

శ్రీనూ,

శ్రీసిటీలో కార్టన్లు పేర్చే రోబోట్ బాధ్యత నీకప్పగించారని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషంరా. ప్యాకింగ్ సెక్షన్‌లోనే రిటైరైనవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట్లో రోబోట్ చెయ్యి కంటే దాని ముందున్న పాలెట్‌నే ఎక్కువ చూడు. దొంతర కూలిందంటే అందరూ ప్రోగ్రామ్‌నే తిడతారు. లోపం చాలాసార్లు అట్టలోనో, విరిగిన పాలెట్ చెక్కలోనో దొరుకుతుంది. అట్టపెట్టె బలం ఎక్కువగా నాలుగు మూలల్లోనే ఉంటుంది. మూల మీద మూల పడేలా పేరిస్తే బరువు తిన్నగా కిందికి దిగుతుంది గానీ, లారీ కుదుపుకి ఆ నిలువు వరసలు వేటికవి ఊగుతాయి. ఇటుక గోడలా వరస మార్చి పేరిస్తే దొంతర కట్టుగా నిలుస్తుంది, కానీ పై పెట్టె మూల కింది పెట్టె నడిమి మీద పడి అట్ట కుంగుతుంది. అందుకని కింది వరసలు నిలువుగా ఉంచి, పై ఒకటి రెండు మార్చి పేర్చమంటాను. చుట్టే ఫిల్మ్ పాలెట్ చెక్కను కూడా పట్టుకోవాలి. 1200 × 1000 మి.మీ. పాలెట్‌కి రాసిన ప్యాటర్న్ నడుస్తుండగా 1200 × 800 పాలెట్ వచ్చిందనుకో, పెట్టెలు అంచు దాటి వేలాడతాయి, మూలలకి ఆధారం పోతుంది. ముసురు రోజుల్లో అట్ట తేమ పీల్చి మెత్తబడుతుంది, వేసవిలో నిలిచిన ఎత్తు అప్పుడు నిలవకపోవచ్చు. మూత టేపు సరిగా అంటకపోతే రోబోట్ సక్షన్ కప్పుకి పట్టు దొరక్క పెట్టె దారిలోనే జారుతుంది.

ఇవన్నీ హమాలీలకి తెలుసు. పెట్టె ఎత్తగానే అడుగు తడిసిందో లేదో వాళ్ళ చేతులకి తెలిసిపోతుంది. వాళ్ళ దగ్గర కూర్చుని అడుగు. దెబ్బ తగిలేంత బరువు ఎవరిచేతా మోయించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో ఉండేది. అయినా బస్తాలు మోసి నడుములు పోగొట్టుకున్నవాళ్ళని కళ్ళారా చూశాను, అందుకే ఈ యంత్రం రావడం మంచిదే అంటాను. అయితే హమాలీల్లో ఒకరిద్దరికైనా రోబోట్‌కి కదలికలు నేర్పే టీచ్ పెండెంట్ వాడకం నేర్పించమని మీ మేనేజర్‌ని గట్టిగా అడుగు.

ఇంకొకటి, ఇది మాత్రం పట్టుబట్టి చెబుతున్నాను. పెట్టె ఇరుక్కుంటే చెయ్యి పెట్టకు. పాలెట్ బయటికి వచ్చేటప్పుడు మనిషి అడ్డొస్తే యంత్రాన్ని ఆపే లైట్ కర్టెన్ కాసేపు మ్యూటింగ్‌లో, అంటే పనిచేయకుండా ఉంటుంది, ఆ సందులో మనిషి లోపలికి దూరే ప్రమాదముంది. సేఫ్టీ స్విచ్‌కి జంపర్ వేసి నడుపుదామని ఎవరన్నా ఒప్పుకోకు. లైన్ ఆగిందని ఇన్‌ఛార్జ్ అరిస్తే అరవనీ. కరెంటు, గాలి రెండూ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పడ్డాకే రోబోట్ చుట్టూ ఉన్న కంచె దాటు. గాలి ఆపితే గ్రిప్పర్ పట్టు వదలొచ్చు, దాని కింద నిలబడకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ ప్యాటర్న్ కాగితాలు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య