గోలు కాసే మనిషి

నర్సంపేటలో పొద్దుగూకింది. మిరప చేలల్లో కూలికి పోయిన ఆడవాళ్లు ఇంటిదారి పట్టారు. దారి పక్కన మైదానంలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. అక్కడ గోలు స్తంభాలు లేవు. రెండు ఇటుకలు పెట్టుకున్నారు. ఆ ఇటుకల నడుమ ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు.

బంతి దూసుకొచ్చింది. పిల్లవాడు కిందపడి ఆపాడు. ఎవరూ ఏమీ అనలేదు. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆపాడు. అప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు. మూడోసారి బంతి వాడి చేతికింది నుంచి పోయింది. అందరూ వాడి మీద పడ్డారు. "నీ వల్లనే ఓడినం" అన్నారు.

పిల్లవాడి తల్లి దారిలో ఆగి ఇదంతా చూసింది. ఆ రాత్రి చదువుల కేంద్రానికి వచ్చింది. పుస్తకం తెరిచింది గాని చదవడం లేదు.

"ఏమైంది అక్కా? చదువుతలేవు?" అని కేంద్రం నడిపే ప్రేరక్ అడిగింది.

"మా పిల్లగానికి ఈ బంతాట పిచ్చి పట్టింది చెల్లె. మోకాళ్లు చెక్కుకపోయినయి. పది ఆపితే మెచ్చుకునేటోడు లేడు. ఒక్కటి పోతే అందరూ తిట్టుడే. ఈ ఆట రేపు వానికి బువ్వ పెడ్తదా?"

పక్కవాళ్లు నవ్వారు. ప్రేరక్ నవ్వలేదు.

"మంచి మాట అడిగినవ్ అక్కా. దీనికి జవాబు ఒక మనిషి బతుకులో ఉన్నది. ఆయన మన హైదరాబాదులో పుట్టినోడే. ఈ పొద్దు ఆ పాఠమే చదువుదాం" అన్నది.

గోల్‌కీపర్ పని ఏమిటి?

ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టుకు 11 మంది. ఆట 90 నిమిషాలు. పది మంది బంతిని కాలితో తన్నుతారు. తలతోనూ కొడతారు. ఆట నడిచేటప్పుడు చేతితో పట్టే హక్కు ఒక్కరికే ఉంది. ఆయనే గోల్‌కీపర్. అదీ తన గోలు ముందు గీసిన గీతల లోపలే. గీత దాటితే ఆయన కూడా చేతితో పట్టకూడదు.

గోలు వెడల్పు 24 అడుగులు. ఎత్తు 8 అడుగులు. ఇంత పెద్ద వాకిలికి ఒక్కడే కాపలా.

జొన్న చేనుకు మంచె మీద కాపలా ఉండేవాళ్లను మీరు చూశారు. పిట్ట వాలకముందే అది ఎటు నుంచి వస్తుందో చూడాలి. గోల్‌కీపర్ పని కూడా అంతే. బంతి తన్నేవాడి కాలు చూడాలి. నడుం ఎటు తిరిగిందో చూడాలి. తన జట్టువాళ్లను కేకేసి హెచ్చరించాలి. బంతి దగ్గరికి వచ్చాక ఆలోచించే వ్యవధి ఉండదు.

అన్నిటికన్నా కష్టమైనది పెనాల్టీ. బంతిని గోలుకు 36 అడుగుల దూరంలో పెడతారు. ఎదుటి జట్టు మనిషి ఒక్కడే వచ్చి తన్నుతాడు. మధ్యలో అడ్డం ఎవరూ ఉండరు. గోల్‌కీపర్ ఎడమకు దూకాలా, కుడికి దూకాలా? ఒక్క క్షణంలో తేల్చుకోవాలి.

పీటర్ తంగరాజ్

పీటర్ తంగరాజ్ 1935లో హైదరాబాదులో పుట్టాడు. మనిషి ఆరడుగులకు పైనే ఉండేవాడు. కుర్రతనంలో సికింద్రాబాదు జట్లలో ఆడాడు. 1953లో సైన్యంలో చేరాడు. మద్రాసు రెజిమెంటు కేంద్రం జట్టులో ఆటగాడయ్యాడు.

అయితే ఆయన మొదటి నుంచీ గోల్‌కీపర్ కాదు. ముందు వరుసలో నిలబడి గోల్స్ కొట్టే ఆటగాడు. సైన్యంలో చేరిన తరువాత గోలు ముందుకు మారాడు. అంతవరకు గోలు కొట్టడం ఆయన పని. ఆ తరువాత గోలు ఆపడం ఆయన పని. నేర్చుకున్నది పక్కన పెట్టి కొత్త పని మొదటి నుంచి నేర్చుకున్నాడు.

ఆ పని ఆయనకు కలిసివచ్చింది. 1955లోనూ, 1958లోనూ ఆయన జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. అది మన దేశంలో చాలా పాత పోటీ. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఆయన ఉన్నాడు. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1960లో రోమ్ ఒలింపిక్స్‌కూ వెళ్లాడు. 1958లో ఆసియా ఖండంలోనే మేటి గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 1967లో భారత ప్రభుత్వం అర్జున అవార్డు ఇచ్చింది.

జకార్తాలో ఒక రోజు

1962 సెప్టెంబరు 4. ఇండోనేషియా రాజధాని జకార్తా. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. మన జట్టు దక్షిణ కొరియాతో ఆడాలి. మొదటి ఆటలో ఇదే కొరియా మనల్ని 2–0తో ఓడించింది.

మన జట్టుకు ఆట నేర్పినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనదీ హైదరాబాదే. ఒకప్పుడు బడిపంతులు. అప్పటికే ఆయనను క్యాన్సర్ జబ్బు తినేస్తోంది.

తంగరాజ్‌కు జ్వరం వచ్చింది. అందుకని సెమీఫైనల్లో ఆడలేదు. ప్రద్యుత్ బర్మన్ అనే మరో గోల్‌కీపర్ ఆడాడు. ఆ ఆట మన జట్టు గెలిచింది. ఫైనల్ నాటికి తంగరాజ్ తేరుకున్నాడు. రహీం ఆయననే గోలు ముందు నిలబెట్టాడు.

స్టేడియం నిండా జనం. చాలామంది మన జట్టుకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. మన జట్టులో పీకే బెనర్జీ ఒక గోలు కొట్టాడు. జర్నైల్ సింగ్ ఇంకొకటి కొట్టాడు. జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అయినా ఆడాడు. ఆట చివరిలో కొరియా ఒక గోలు వేసింది. ఇంకొక్కటి పడితే ఆట సమానం అయ్యేది. ఆ రెండోది పడలేదు. మన దేశం 2–1తో బంగారు పతకం గెలిచింది.

రహీం 1963 జూన్‌లో కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తరువాత బంగారు పతకం రాలేదు.

ఆట బువ్వ పెట్టిందా?

"ఇంతకూ ఆయనకు బువ్వ దొరికిందా లేదా, అది చెప్పు చెల్లె" అన్నది తల్లి.

"దొరికింది. కానీ ఎట్ల దొరికిందో చూడాలె" అన్నది ప్రేరక్.

తంగరాజ్‌కు మొదట కూడు పెట్టింది సైన్యంలో కొలువు. ఆ తరువాత కలకత్తాలో పెద్ద క్లబ్బులకు ఆడాడు. మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. 1971 దాకా ఆడాడు. తరువాత పిల్లలకు ఆట నేర్పాడు. బొకారో ఉక్కు కర్మాగారంలో ఆటల విభాగంలో పనిచేశాడు. 2008లో బొకారోలోనే చనిపోయాడు. అంటే ఆట ఆయనకు దారి చూపింది. ఆ దారిలో కొలువు ఆయనను నిలబెట్టింది.

అందరికీ ఇలా జరగదు. జట్టులో పది మంది ఆటగాళ్లకు పది చోట్లు ఉంటాయి. గోల్‌కీపర్‌కు ఒక్కటే చోటు. రెండో గోల్‌కీపర్ బయట బెంచీ మీద కూర్చోవాలి. మొదటివాడికి దెబ్బ తగిలితేనో, జ్వరం వస్తేనో పిలుపు వస్తుంది. పిలుపు వచ్చేదాకా రోజూ సాధన చేస్తూనే ఉండాలి.

ఈ కాలంలో గోల్‌కీపర్లకు క్లబ్బులు జీతం ఇస్తున్నాయి. 2019లో హైదరాబాదు పేరుతో ఒక క్లబ్బు వచ్చింది. 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ జరిగింది. ఆట సమానం అయింది. పెనాల్టీలతో తేల్చారు. హైదరాబాదు గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కప్పు హైదరాబాదుకు వచ్చింది. కానీ 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచిన క్లబ్బు కూడా ఊరు విడిచి పోవచ్చు. అందుకే పిల్లల చేతిలో ఆటతో పాటు చదువు కూడా ఉండాలి.

తల్లి కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది:

"వాణ్ణి బడి మాననియ్య. ఆట కూడ మాన్పియ్య. మోకాళ్లకు గుడ్డ కట్టి పంపుత. కానీ చెల్లె, రేపటి నుంచి నేను ఆ మైదానం దగ్గర జరసేపు ఆగుత."

"ఎందుకక్కా?"

"వాడు ఆపినయి లెక్కపెడ్త. పోయినయి లెక్కపెట్టేటోళ్లు శానమంది ఉన్నరు."

కొత్త మాటలు

గోల్‌కీపర్ – గోలు ముందు కాపలా ఉండే ఆటగాడు
పెనాల్టీ – గోలు దగ్గర తప్పు చేసినందుకు ఎదుటి జట్టుకు ఇచ్చే తన్ను. ఆట సమానమైతే గెలుపు తేల్చడానికి కూడా ఇలా తన్నిస్తారు
మేటి – అందరికన్నా గొప్ప
సాధన – మళ్లీ మళ్లీ చేసి నేర్చుకోవడం

చెప్పండి, రాయండి

1. గోల్‌కీపర్ బంతిని ఎక్కడ చేతితో పట్టవచ్చు?
2. తంగరాజ్ గోల్‌కీపర్ కాకముందు జట్టులో ఏ పని చేసేవాడు?
3. తంగరాజ్ 1953లో సైన్యంలో చేరాడు. 1971 దాకా ఆడాడు. ఎన్నేళ్లు అయింది? లెక్క కట్టండి.
4. పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. తంగరాజ్ ఆపాడు. గెలుపులో ఎవరి పాలు ఎంత? కూర్చుని మాట్లాడుకోండి.

ఇలా చేయండి

మీ వాకిట్లో 24 అడుగులు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. నడుమ నిలబడి రెండు చేతులు చాపండి. మీ చేతులకు అందని జాగా ఎంత ఉందో చూడండి. ఆ జాగా కాసే పిల్లవాడితో ఈ రోజు ఒక మంచి మాట చెప్పండి.