నీళ్ళకూ పొగ ఉంది!

"నీళ్ళు ఊరికే వస్తున్నాయా?" అంటాడు మా నాన్న, బావి మోటారు వేసినప్పుడల్లా. హాస్టల్లో కారే కుళాయిని చూసినప్పుడు ఆ మాట గుర్తొచ్చి, ఒక లెక్క వేశాను.

హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అనగా 180 మీటర్లు. కృష్ణ నీరు నగరానికి రావాలంటే కనీసం 360 మీటర్లు ఎక్కాలి. వెయ్యి లీటర్లంటే 1,000 కిలోలు. దానిని 9.8 తోనూ, 360 తోనూ హెచ్చిస్తే సుమారు 35 లక్షల జౌళ్ళు. 36 లక్షల జౌళ్ళయితే ఒక యూనిట్ కరెంటు. పంపులోనూ, పైపుల రాపిడిలోనూ పోయేది దీనికి అదనం. బొగ్గుతో ఒక యూనిట్ తీస్తే సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది! 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ నీరు మాత్రం పల్లానికి దానంతటదే పారి వస్తుంది.

ఇక వాడి వదిలిన నీరు. గాలి ఆడని మురుగులో సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. నూరేళ్ళ లెక్కన, బరువుకు బరువు చూస్తే, అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. గోబర్‌గ్యాస్ తొట్టిలో పుట్టేదీ అదే. పల్లెలో దానితో పొయ్యి వెలిగిస్తాం. నగరపు మురుగుశుద్ధి కేంద్రంలోనూ మూసిన తొట్లలో దానిని పట్టి కరెంటు తీయవచ్చు. గాలిలోకి వదిలితే నష్టం, పట్టుకుంటే లాభం.

కారే పైపులు బాగుచేయడం, శుద్ధిచేసిన నీటిని తోటలకు మళ్ళించడం ప్రభుత్వం పని. కుళాయి కట్టడం మన పని. వానలు అదను తప్పితే ముందు మునిగేది రైతే. మిత్రులారా, మీరు ఆదా చేసే బిందెడు నీళ్ళలో మా చేను కూడా ఉంది.