నెట్ ఎక్కడ ఇరుకైంది? – రౌటరు వేగాన్ని వెతికే పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మేడమ్ అడిగితే మొదట కవిత రాద్దామనుకున్నాను. కానీ పీజీలో స్వయంగా చేసి నేర్చుకున్న విషయం చెబితే మీకు ఎక్కువ పనికొస్తుందనిపించింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఇలాంటివి ఇంట్లో చెప్పేవాళ్ళు లేక నేను ఎంత తడబడ్డానో నాకు తెలుసు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

ప్రాజెక్టు కోసం చిత్తూరు జిల్లాలో ఇంటింటికీ నెట్ ఇచ్చే ఒక చిన్న ఆఫీసులో నాలుగు నెలలు పనిచేశాను. సుమారు 400 కనెక్షన్లు. పై కంపెనీ నుంచి కొన్న లైను 500 ఎం.బి.పి.ఎస్. అయినా ఒక రెండు వారాలుగా సాయంత్రం ఏడు దాటితే పేజీ తెరుచుకోవడం లేదు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల చివరి రాత్రి, ఒక అమ్మాయి వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని ఆఫీసుకే వచ్చింది. అక్కడా అదే నెట్ కదా, తిరుగుతూనే ఉంది. చివరికి నా ఫోన్ డేటాతో ప్రయత్నించాం. గడువు ముగిసేసరికి ఆమె అనుకున్న కాలేజీల్లో సగమే సేవ్ అయ్యాయి.

"లైను చాలడం లేదు, 1 జి.బి.పి.ఎస్. కొనాల్సిందే" అన్నారు ఓనరు. "కొనేముందు ఒకసారి వెతుకుదాం సార్" అన్నాను.

మన మెస్ లైను గుర్తు తెచ్చుకోండి. గంగాళం ఎంత పెద్దదైనా, వడ్డించే గరిటె ఒక్కటే అయితే లైను ఆ గరిటె వేగంతోనే కదులుతుంది. నెట్ కూడా అంతే. దారి మొత్తంలో అన్నిటికన్నా ఇరుకైన చోటే వేగాన్ని నిర్ణయిస్తుంది. మిగతా చోట్ల ఎంత వెడల్పు చేసినా డబ్బు దండగ. ఆ చోటును వెతికే వరుస ఇది.

1. ముందు లెక్క సరిచూడండి. కంపెనీలు బిట్లలో చెబుతాయి, మనం డౌన్‌లోడ్‌ను బైట్లలో చూస్తాం. 8 బిట్లు ఒక బైటు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకు 15 ఎం.బి.పి.ఎస్. అన్నారు. 8తో భాగిస్తే అది సెకనుకు 1.875 మెగాబైట్లు. ఇది తెలియక మోసం జరిగిందనుకునేవాళ్ళు చాలామంది.

2. వైఫైతో కొలవకండి. గోడలు, దూరం, పక్కింటి వైఫై అన్నీ లెక్కను చెడగొడతాయి. కంప్యూటరును కేబులుతో రౌటరుకే కలిపి కొలవాలి. అక్కడ వేగం బాగుంటే దోషం ఇంటివైపు, లేకుంటే రౌటరు వైపో పైవైపో ఉన్నట్టు.

3. పోర్టు ఎంత వేగంతో కలిసిందో చూడండి. గిగాబిట్ పోర్టుకు కేబుల్లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100కి రెండు జతలు చాలు. ఒక జత తెగితే చాలా పరికరాలు ఏమీ చెప్పకుండా 100కి దిగిపోతాయి. అందులోనూ పూర్తి 100 రాదు. తీగ మీద 1538 బైట్ల చోటు వాడితే మన సరుకు 1460 బైట్లే. మిగతాది చిరునామాలు, ఖాళీలు. అందుకే 94, 95 దగ్గర ఆగుతుంది.

4. రౌటరు ప్రాసెసరును చూడండి. అలిపిరి టోల్‌గేటు దగ్గర నలభై మంది ఉన్న బస్సయినా, ఇద్దరున్న మోటారు సైకిలయినా ఒక్కో బండినీ తనిఖీ చేయాలి. రౌటరుకు ప్యాకెట్లూ అంతే. 1 జి.బి.పి.ఎస్. లైను పెద్ద ప్యాకెట్లతో నిండితే సెకనుకు సుమారు 81 వేలు. అదే 64 బైట్ల చిన్నవైతే దాదాపు 14 లక్షల 88 వేలు. లైను ఖాళీగా కనిపిస్తున్నా ప్రాసెసరు నూటికి నూరు శాతం పనిలో ఉండవచ్చు.

5. కావాలని పెట్టిన హద్దు ఉందేమో చూడండి. షేపింగ్ అంటే సర్వదర్శనం టోకెన్లలాగా కాసేపు ఆపి వేళకు పంపడం. పోలీసింగ్ అంటే హద్దు దాటిన ప్యాకెట్టును పారేయడం. కొన్ని రౌటర్లలో హద్దు లైసెన్సులోనే ఉంటుంది. సిస్కో ఐ.ఎస్.ఆర్. 4331 రౌటరు 100 ఎం.బి.పి.ఎస్. హద్దుతో వచ్చేది, వేరే లైసెన్సు కొంటే 300 అయ్యేది.

6. దూరాన్ని మరవకండి. పంపినవాడు జవాబు వచ్చేదాకా కొంత డేటానే పంపగలడు. దాన్ని విండో అంటారు. విండో 65,535 బైట్లయి, పోయి రావడానికి 250 మిల్లీసెకన్లు పడితే, లైను ఎంత పెద్దదైనా 2.1 ఎం.బి.పి.ఎస్. దాటదు. ఒక్క డౌన్‌లోడ్ మెల్లగా, పది కలిపితే వేగంగా ఉంటే దోషం ఇదే కావచ్చు.

ఇక మా ఆఫీసు సంగతి. సాయంత్రం గ్రాఫు కొండలా ఎగుడుదిగుడుగా లేదు. 95 దగ్గర కత్తితో కోసినట్టు సమంగా ఉంది. మూడో మెట్టు గుర్తొచ్చింది. పోర్టు చూస్తే 100 అని ఉంది. రెండు వారాల కిందట గదికి సున్నం వేసినప్పుడు కేబుల్ పీకి మళ్ళీ పెట్టారట. కనెక్టరు దగ్గర గోధుమ రంగు తీగ తెగి ఉంది. కొన్ని రూపాయల కనెక్టరు కొత్తది బిగించాం. పోర్టు 1000 చూపించింది. ఆ రాత్రి గ్రాఫు 300 దాటింది. ఓనరు కొత్త లైను కొనలేదు.

నాకు సంతోషం కలిగింది, కానీ పూర్తిగా కాదు. ఆ తీగను ముందు రోజు చూసి ఉంటే ఆ అమ్మాయి ఆప్షన్లన్నీ పెట్టుకునేది. రెండు వారాలుగా అందరం "లైను చాలదు" అనుకున్నామే తప్ప ఒక్కరం కొలవలేదు.

చెల్లెళ్ళారా, ఒక్కసారి ఒక్కటే మార్చండి, కొలిచి నోటుబుక్కులో రాసుకోండి, తర్వాతే ఇంకొకటి ముట్టుకోండి. చదువులో వెనకబడినప్పుడు కూడా "నాకు తెలివి చాలదు" అనుకోకండి. ఎక్కడ ఇరుకైందో వెతకండి. నా విషయంలో అది ఇంగ్లీషు. ఇంకో మాట, వెబ్ ఆప్షన్లు మాత్రం చివరి రాత్రిదాకా ఉంచుకోకండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అక్క, పూర్వ విద్యార్థిని