హెలికాప్టరు ఒక్కొక్కరినే ఎందుకు తెచ్చింది?

2010 ఏప్రిల్ నెలాఖరున నేపాలులోని అన్నపూర్ణ పర్వతంపై ముగ్గురు ఆరోహకులు చిక్కుకుపోయారు. వారున్న చోటు సముద్రమట్టానికి సుమారు 6,900 మీటర్ల ఎత్తు. మన తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తయిన శిఖరం కూడ 1,700 మీటర్లకు మించదు. అంటే దానికి నాలుగు రెట్లన్నమాట!

వారికోసం ఒక హెలికాప్టరు వెళ్ళింది. నడిపినవాడు స్విట్జర్లాండు దేశస్థుడు డేనియల్ ఔఫ్‌డెన్‌బ్లాటెన్. హెలికాప్టరు కింద కట్టిన పొడవైన తాడు చివర పర్వత మార్గదర్శి రిచర్డ్ లేనర్ వేలాడుతూ వెళ్ళాడు. ఏటవాలు మంచులో హెలికాప్టరు దిగడానికి చోటు లేదు. దగ్గరకు పోతే తిరిగే రెక్కలు కొండకు తగులుతాయి. అందుకే తాడు. ముగ్గురినీ కాపాడారు, కాని ఒకేసారి కాదు, ఒక్కొక్కరిగా. అంత ప్రమాదంలో మళ్ళీ మళ్ళీ ఎందుకు వెళ్ళవలసి వచ్చింది?

పంకా చెప్పే పాఠం

విద్యార్థులారా! తిరిగే పంకా కింద నిలబడితే గాలి మీదికి వీస్తుంది గదా. పంకా గాలిని కిందికి నెడుతుంది. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం గాలి పంకాను పైకి నెడుతుంది. ఆ బలం స్వల్పం కాబట్టి పంకా లేవదు. హెలికాప్టరు రెక్కలు చేసేదీ ఇదే పని, కాని చాల పెద్ద ఎత్తున. అవి సెకనుకు ఎంత గాలిని, ఎంత వేగంతో కిందికి నెడతాయో దానినిబట్టి పైకెత్తే బలం ఉంటుంది.

సముద్రమట్టం దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములు తూగుతుంది. 6,900 మీటర్ల ఎత్తున సుమారు 0.6 కిలోగ్రాములే. గాలి సాంద్రత సగమైతే, అదే వేగంతో నెట్టినపుడు బలమూ సగమే అవుతుంది. మునుపటి బలం రావాలంటే గాలిని మరింత వేగంగా నెట్టాలి. వేగం పెంచితే సెకనుకు నెట్టే గాలీ పెరుగుతుంది, ప్రతి కిలో గాలికి ఇచ్చే వేగమూ పెరుగుతుంది. అందుచేత బలం వేగవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక వేగం 2 యొక్క వర్గమూలం, అంటే సుమారు 1.4 రెట్లు కావాలి. ఇంజను ఇవ్వవలసిన సామర్థ్యం కూడ సుమారు అంత మేరకు పెరుగుతుంది.

అయితే ఇంజను కూడ ఆ పలచని గాలినే పీల్చుకొని ఇంధనాన్ని మండించాలి! అందుచేత పైకి పోయినకొద్దీ దాని సామర్థ్యం తగ్గిపోతుంది. ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన సంసారంలాంటిది ఇది.

పైలటు వేసే లెక్క

ఉదాహరణకు ఇలా అనుకుందాం. ఒకానొక ఎత్తున హెలికాప్టరు మొత్తం 1,750 కిలోలు మాత్రమే మోయగలదు. ఖాళీ హెలికాప్టరు, తాడు కలిసి 1,300 కిలోలు, పైలటు 80, తాడుకు వేలాడే సహాయకుడు 90, ఇంధనం 150. మొత్తం 1,620. మిగిలినది 130 కిలోలు. బట్టలు, బూట్లతో ఆరోహకుడు 90 కిలోలుంటే ఒక్కరికే చోటు. రెండవ వ్యక్తిని ఎక్కించుకుంటే హెలికాప్టరు గాలిలో నిలవలేదు, ఎవరికీ ప్రాణం దక్కదు.

విదేశీయులే కాదు, నేపాలు పైలట్లూ ఈ లెక్కకు కట్టుబడినవారే. 1996 మే నెలలో ఎవరెస్టుపై మంచుకాటుకు గురైన ఇద్దరిని నేపాలు సైన్యానికి చెందిన మదన్ ఖత్రి ఛెత్రి సుమారు 6,000 మీటర్ల ఎత్తునుండి తెచ్చారు. ఆయనా ఇద్దరిని రెండు విడతలుగానే తెచ్చారు.

“2005లో ఫ్రాన్సు పైలటు డిడియే దెల్‌సాల్ ఎవరెస్టు శిఖరం మీదనే హెలికాప్టరు దించాడు గదా!” అని మీరడగవచ్చు. నిజమే. కాని ఆయన ఒంటరిగా, అనవసరమైన సామాను తీసివేసి వెళ్ళాడు. అక్కడనుండి ఎవరినీ మోసుకు రావలసిన పని లేదు. 2010లో అన్నపూర్ణపై మరింత ఎత్తున ఆగిపోయిన ఇంకొక ఆరోహకుడు మాత్రం ప్రాణాలతో దిగలేదు.

పరాయి దేశంలో పైలటు

ఆల్ప్స్ పర్వతాలలో అత్యున్నత శిఖరం సుమారు 4,800 మీటర్లు. అక్కడ ఆరితేరినవారికి కూడ హిమాలయం కొత్త పాఠమే. స్విస్ బృందం తాడు పద్ధతిని నేపాలు సిబ్బందికి నేర్పింది. అక్కడి లోయలు, గాలులు, మబ్బులు ఎరిగినవారు మాత్రం నేపాలు పైలట్లే. ఇలా పరదేశంలో నమోదైన హెలికాప్టరు నడపాలంటే ఆ దేశ ప్రభుత్వం ఇచ్చిన లేదా ఆమోదించిన లైసెన్సు ఉండాలి.

అమెరికాలో గాలి అంబులెన్సులు నడిపే చాల సంస్థలు ఒక నియమం పాటిస్తాయి. వెళ్ళగలమా, లేదా అని తేల్చుకునేవరకు రోగి ఎవరో, ఎంత ప్రమాదంలో ఉన్నాడో పైలటుకు చెప్పరు. పసిపాప అని తెలిస్తే మనసు కరుగుతుంది. చెడు వాతావరణం కూడ మంచిదిగా కనిపిస్తుంది. పైలటు వాతావరణం, బరువు, ఇంధనం మాత్రమే చూసి “వస్తాను” లేదా “రాలేను” అని చెప్పాలి. జాలి లేక కాదు. ఎంత జాలిపడినా గాలి సాంద్రత పెరగదు గదా!

ఆలోచించండి

1. పై లెక్కలో 90 కిలోల ఆరోహకులను ఇద్దరిని ఒకేసారి తేవాలంటే ఎన్ని కిలోల ఇంధనం తగ్గించాలి?

2. అలా తగ్గించి బయలుదేరిన తరువాత దారిలో మబ్బులు అడ్డం వచ్చి, చుట్టు తిరిగి పోవలసివస్తే ఏమవుతుంది? మీరే పైలటైతే ఏమి చేస్తారు?