కొవ్వొత్తికి పరీక్ష

ఉర్దూ ముషాయిరాలలో ఒక పాత సంప్రదాయం ఉంది. కవితాపఠనానికి ఎవరి వంతు వస్తే వారి ఎదుటికి వెలుగుతున్న షమాను జరుపుతారు. అందరి చూపు ఆ వెలుగు మీదికి, ఆ వెలుగులోని కవి ముఖం మీదికి మళ్లుతుంది. శలభం ఆ జ్వాల చుట్టూ తిరిగి దగ్ధమైపోవడాన్ని వర్ణించిన కవులు ఎందరో ఉన్నారు. కాని ఆ షమా సభ ముగిసేవరకు పొగచూరక, ఒలికిపోక, నిటారుగా నిలిచి వెలగడానికి దాని వెనుక ఎవరి చేతులు ఎంత శ్రమించాయో విచారించినవారు అరుదు. ఈ వ్యాసంలో మేము ఆ చేతుల పనిని గురించి ముచ్చటింపదలచినాము.

ముందుగా మాటలను చూద్దాము. తెలుగులో దీనిని కొవ్వొత్తి అంటాము. కొవ్వు, వత్తి అనే రెండు మాటల కలయిక ఇది. జంతువుల కొవ్వుతో దీపాలు పోతపోసిన రోజుల జ్ఞాపకం ఆ మాటలో నిలిచి ఉన్నది. ఉర్దూలో మోమ్‌బత్తీ అంటారు. మోమ్ అంటే మైనం. షమా అన్న మాటకు సైతం మూలభాషయైన అరబ్బీలో మైనం అనియే అర్థం. ఒకే వస్తువును ఒక భాష కొవ్వుతోను, మరొక భాష మైనంతోను గుర్తుపెట్టుకున్నది. నేడు మనం కొనే కొవ్వొత్తిలో సాధారణంగా ఉండేది ఈ రెండూ కాదు. పెట్రోలియం శుద్ధిలో లభించే పారఫిన్. 1825లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షెవ్రల్, గే-లుసాక్ కొవ్వు నుండి వేరుచేసిన ఆమ్లాలతో కొవ్వొత్తులు చేసే పద్ధతికి హక్కు పొందారు. 1850లో జేమ్స్ యంగ్ అనే స్కాట్లాండు దేశస్థుడు బొగ్గు నుండి పారఫిన్ తీసే పద్ధతికి హక్కు పొందాడు. మన దేశంలో 1901లో ఆరంభమైన అస్సాంలోని దిగ్బోయి శుద్ధి కర్మాగారం మైనానికి పేరు పొందినది.

మాకు ఈ విషయంపై ఆసక్తి పుస్తకాల వలన కలుగలేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను సుమారు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖపట్నం మీద విరుచుకుపడింది. చెట్లు, విద్యుత్ స్తంభాలు నేలకూలాయి. నగరం రోజుల తరబడి చీకటిలో మునిగింది. ద్వారకా నగర్‌లో మేమున్న వీధిలో ఆ రాత్రి ప్రతి కిటికీలోను కొవ్వొత్తియే దీపం. మా పొరుగింట ఒక పసిబిడ్డకు జ్వరం. ఉష్ణమాపకంలోని పాదరసపు గీతను చూడబోయేసరికి కొవ్వొత్తి తన మైనంలో తానే మునిగి ఆరిపోయింది. మరొకటి వెలిగించాము, అది ఒక ప్రక్కగా కరిగి బల్ల మీదికి ఒలికిపోయింది. మూడవది నల్లని పొగ చిమ్మింది. మూడూ ఒకే పొట్లంలోనివి. బిడ్డ తల్లి మమ్ములను చూసిన చూపు మాకు నేటికీ గుర్తున్నది. జ్వరం మరునాటికి తగ్గినది గాని, ఆ ప్రశ్న మాత్రం మమ్ములను విడువలేదు. చూడడానికి చక్కగా, తెల్లగా ఉన్న కొవ్వొత్తి అవసర సమయంలో ఎందుకు మోసగించింది?

ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ మేము నలుగురు మిత్రులం కొవ్వొత్తులు పోసి జీవించే ఒక వృద్ధురాలిని ఆశ్రయించాము. ఆమెను మేము ఖాలా అని పిలిచేవారం. షబే బరాత్‌కు సమాధుల వద్ద వెలిగించేవి, చర్చి పండుగలకు కావలసినవి, దుకాణాలకు పంపేవి, అన్నీ ఆమె తన పెరటి పంచలోనే పోసేది. మేము అచ్చులు కొని, మైనం కరిగించి, ఒక్క మధ్యాహ్నంలో యాభై కొవ్వొత్తులు చేసి సగర్వంగా ఆమెకు చూపించాము. ఆమె వాటిని ముట్టుకోనైనా లేదు. “అచ్చులోంచి ఊడి వచ్చిందల్లా కొవ్వొత్తి కాదు నాయనా. వెలిగించి, చివరిదాకా కూర్చుని చూడండి. అప్పుడు మాట్లాడదాం” అన్నది.

కూర్చుని చూశాము. యాభైలో పన్నెండింటిని వెలిగిస్తే, సరిగా వెలిగినవి మూడు. అక్కడి నుండి మా అసలు పాఠం మొదలైంది.

మైనం సంగతి

పారఫిన్ పలకను కొనేటప్పుడు తెల్లదనాన్ని చూచి మోసపోరాదు. నూనె అంశం సరిగా తీయని మైనం కూడ తెల్లగానే ఉండవచ్చును. ఖాలా ఒక చిన్న ముక్కను పలుచని కాగితంలో చుట్టి, బరువు క్రింద ఒక రాత్రి ఉంచేది. తెల్లవారి కాగితంపై నూనె మరక కనిపిస్తే ఆ సరుకు తిరిగి దుకాణానికే. అట్టి మైనంతో చేసిన కొవ్వొత్తి విశాఖ వేసవిలో చెమర్చుతుంది, వంగుతుంది.

రెండవది ద్రవీభవన స్థానం. దీనిని మేము కళాశాలలో నేర్చిన పద్ధతితోనే చూశాము. కరిగిన మైనంలో ఉష్ణమాపకం ఉంచి, మెల్లగా కలుపుతూ, అర నిమిషానికి ఒకసారి అంకెను వ్రాసుకోవాలి. ఉష్ణోగ్రత దిగుతూ దిగుతూ ఒకచోట తటపటాయిస్తుంది. పిమ్మట మరల దిగుతుంది. గడ్డకట్టే సమయంలో మైనం తనలోని గుప్తోష్ణాన్ని విడుస్తుంది గనుక ఈ విరామం కలుగుతుంది. పారఫిన్ ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బనుల మిశ్రమం. అందుచేత మన రేఖాపటంలో ఆ విరామం సమతలంగా కాక కొద్దిగా వాలుగా ఉంటుంది. మేము కొన్న మైనం 58 డిగ్రీల సమీపంలో ఆగింది. పాఠ్యపుస్తకంలో మార్కుల కొరకు గీచిన రేఖ, ఇక్కడ సరుకును ఉంచుకోవాలో తిప్పి పంపాలో చెప్పే సాక్షి అయినది.

కరిగించడంలో ఒక హెచ్చరిక. మైనం పాత్రను ఎన్నడును నేరుగా మంటపై ఉంచరాదు. నీరు కాగే పెద్ద పాత్రలో దానిని నిలపాలి. నీరు 100 డిగ్రీలు మించదు గనుక మైనం అంటుకునే వేడికి చేరదు. పొరపాటున మైనం మండితే నీరు చల్లడం ప్రాణాపాయం. నీరు ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని ఎగజిమ్ముతుంది. పొయ్యి ఆర్పి, మూత వేయడమే ఉపాయం. ఖాలా పొయ్యి ప్రక్కన ఎప్పుడూ ఒక మూత సిద్ధంగా ఉండేది. ఇన్నేళ్లలో అది ఒక్కసారే అక్కరకు వచ్చిందట.

వత్తి సంగతి

మండేది వత్తి అని పలువురి భ్రమ. నిజానికి మండేది మైనపు ఆవిరి. జ్వాల వేడికి కరిగిన మైనం వత్తి పోగుల సందులలో కేశనాళికా చర్యచే పైకి ప్రాకి, అక్కడ ఆవిరియై మండుతుంది. 1860-61లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే బాలబాలికల కొరకు కొవ్వొత్తిపై ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి నుండి లేచే తెల్లని ఆవిరికి నిప్పు చూపితే, మంట ఆ ఆవిరి దారినే దిగివచ్చి వత్తిని తిరిగి వెలిగిస్తుందని ఆయన చూపాడు. పెద్దల సమక్షంలో ఈ ప్రయోగం ఎవరైనను చేయవచ్చును.

కనుక వత్తి ఒక కాలువ వంటిది. కాలువ ఇరుకైతే మైనం పైకి చాలినంత చేరదు. జ్వాల చిన్నదై, చుట్టూ కరిగిన మైనం నిండి, వత్తి మునిగిపోతుంది. వెడల్పైతే ఇంధనం మితిమీరి, గాలి చాలక, మసి పుడుతుంది. అంచు కరిగి మైనం ఒలుకుతుంది. తుపాను రాత్రి మేము చూచిన మూడు దోషాలకు కారణం ఇక్కడ దొరికింది. ఆ పొట్లంలోని వత్తులలో పోగుల లెక్క ఒక్క తీరుగా లేదు, కొన్నింటిలో వత్తి నడుమ నుండి ప్రక్కకు జరిగి ఉన్నది.

మేము ఒకే అచ్చులో 12, 18, 24 పోగుల వత్తులు పెట్టి పోశాము. రెండు సెంటీమీటర్ల మందం గల మా కొవ్వొత్తికి 18 పోగులు సరిపోయింది. ఆ ఉత్సాహంలో గట్టిదనం కొరకు మైనంలో స్టియరిక్ యాసిడ్ కలిపాము. కొవ్వొత్తి తెల్లనై, ఎండకు వంగకుండ నిలిచింది. కాని అదే వత్తి ఇప్పుడు సరిగా వెలుగలేదు. లెక్క మొదటికి వచ్చింది. మైనం మారితే వత్తి మారాలి, మందం మారితే వత్తి మారాలి. ఒకసారి ఒక్క అంశాన్నే మార్చాలని గురువులు చెప్పిన నియమం విలువ మాకు ఆనాడు తెలిసింది.

సముద్రతీర నగరంలో వత్తికి మరొక శత్రువు ఉన్నది. గాలిలోని తేమను నూలు పీల్చుకుంటుంది. తడిసిన వత్తి చిటపటలాడుతుంది. అందుకే వత్తిని ఎండబెట్టి, కరిగిన మైనంలో ముంచి, బుడగలు రావడం ఆగేవరకు ఉంచి, చాచి ఆరనివ్వాలి. బుడగలు ఆగడమంటే పోగుల మధ్య గాలి పోయి మైనం నిండినదని అర్థం.

అచ్చు సంగతి

అచ్చుకు లోపల నూనె పలుచగా తుడవాలి. ఎక్కువైతే కొవ్వొత్తి మేను గుంటలు పడుతుంది. వత్తిని బిగువుగా, సరిగా నడుమ నిలపాలి. మైనం చల్లబడి పోస్తే వలయాలు కడుతుంది. మరీ వేడిగా పోస్తే ఎక్కువగా కుదించుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు పారఫిన్ పరిమాణంలో సుమారు పదవ వంతు తగ్గుతుంది. అందుచేత వత్తి చుట్టూ పైనుండి లోనికి గొయ్యి ఏర్పడుతుంది. ఓపికగా ఆగి, గొయ్యిని పుల్లతో తెరచి, రెండవసారి పోయాలి. ఈ రెండవ పోత పోయని కొవ్వొత్తి పైకి నిండుగానే కనిపించవచ్చు, లోపల డొల్ల. ఆ డొల్ల వద్దకు రాగానే జ్వాల తడబడుతుంది. తొందరపడి చన్నీటి తొట్టిలో ముంచితే పగుళ్లు వస్తాయి.

వెలిగించి చూచుట

అన్నీ సరిగా చేసినను తుది తీర్పు జ్వాలదే. కొవ్వొత్తిని తూచి, గాలి లేని గదిలో వెలిగించి, గంటకొకసారి ఆర్పి మరల తూచాలి. జ్వాల ఎత్తు, పొగ, ఒలుకు, వత్తి కొన రూపం వ్రాసుకోవాలి. మా మంచి కొవ్వొత్తి గంటకు ఆరు గ్రాముల వంతున ఏడు గంటలు వెలిగింది. పూర్వం వెలుగును కొలిచే ప్రమాణం సైతం కొవ్వొత్తియే. 1860లో ఇంగ్లండు శాసనం తిమింగలపు మైనంతో చేసిన, గంటకు 120 గ్రెయినులు, అనగా సుమారు 7.8 గ్రాములు తగ్గే కొవ్వొత్తిని ప్రమాణంగా గ్రహించినది. నేటి కాంతి తీవ్రత ప్రమాణమైన క్యాండెలా పేరులో ఆ కొవ్వొత్తియే మిగిలి ఉన్నది.

పిమ్మట పంకా గాలిలో ఒకదానిని, మిట్టమధ్యాహ్నపు వేడిలో రెండు ఇటుకల నడుమ వంతెనవలె పరుండబెట్టి మరొకదానిని, నెలరోజులు దాచి ఇంకొకదానిని పరీక్షించాలి. ఇక్కడే ఈ వృత్తిలోని చిక్కు ఉన్నది. కుండను మ్రోగించి చూచి అమ్మవచ్చు, బట్టను చాచి చూచి అమ్మవచ్చు. కొవ్వొత్తిని మాత్రం పూర్తిగా కాల్చనిదే మంచిదని చెప్పలేము. కాల్చిన పిదప అమ్మలేము. మన ఉక్కు నగరంలో కడ్డీ బలం తెలియడానికి ఒక ముక్కను తెగేవరకు లాగి చూస్తారు. తెగిన ముక్క సాక్ష్యంతో తక్కిన కడ్డీలు బయటికి పోతాయి. అట్లే, మన చేతికి వచ్చే ప్రతి మంచి కొవ్వొత్తి వెనుక దాని కొరకు ముందే కాలిపోయిన తోబుట్టువులు ఉన్నవి.

ఆ కాలిపోయిన వాటికి వెల కట్టేవారెవరు? ఖాలా ప్రతి పోతలోను ఒకదానిని తీసి తాను వెలిగించుకునేది. దుకాణదారు లెక్కపెట్టేది తెచ్చిన వాటినే గాని వెలిగించిన వాటిని కాదు. పరీక్ష మానితే ఆమెకు కొంత మిగులుతుంది. ఏ పొట్లం చూచినా ఒక్క తీరుగానే కనిపిస్తుంది. “మరి మానరాదా?” అని మాలో ఒకరు అడిగారు. ఆమె కొంతసేపు వత్తులు సవరిస్తూ ఊరకుండి, “కొన్నవాళ్లు దాన్ని పగలు వెలిగించరు కదా నాయనా!” అన్నది.

మన నౌకాశ్రయం చెంత మూడు కొండలున్నవి. ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరుని ఆలయం. మూడింటను భక్తులు దీపం వెలిగించి, కన్నులు మూసి, తమ కోరిక చెప్పుకుంటారు. కన్నులు మూసినవాడు వత్తిలోని పోగులు లెక్కపెట్టడు. ఆ లెక్క అతని బదులు మరెవరో ముందుగానే పెట్టి ఉండాలి.

విద్యార్థి సోదరీ సోదరులారా! ఈసారి విద్యుత్తు ఆగి కొవ్వొత్తి వెలిగించినప్పుడు ఒక్క నిమిషం దానిని పరికించండి. జ్వాల కదలక నిలిచి, దాని పాదాన మైనం చిన్న గిన్నెవలె నిండి, అంచు దాటక ఉన్నట్లయితే, ఎవరో ఒకరు ఎక్కడో ఒక పెరటి పంచలో చివరిదాకా కూర్చుని చూచినారని తెలుసుకొనండి. మేము చేసిన యాభైలో మిగిలిన ముప్పది ఎనిమిదింటిని ఖాలా సలహాపై తిరిగి కరిగించాము. మరల పోసిన వాటి నుండి ఒక పొట్లం మా పొరుగింటి ఆ తల్లికి ఇచ్చాము. ఇచ్చే ముందు వాటిలో రెండింటిని మేము కాల్చి చూశాము.